నాలుగో స్తంభం దగ్గరి కళ్ళజోడు

కళ్ళజోడు పడిపోయింది ఆదివారం మధ్యాహ్నం, వెర్మూత్ వైన్ తాగడానికి వెళ్ళేముందు.

మెదీర్ పుజాల్ట్‌కి ఆదివారమంటే ముందు పాత బజారు, ఆ తర్వాతే వెర్మూత్. ఆ బజారులో కూరగాయల టోకు వ్యాపారం ఆగిపోయి నలభై ఏళ్ళు దాటింది. కొట్లన్నీ బార్సిలోనా ఊరి బయటికి తరలిపోయాక, ఎన్నో ఏళ్ళు తాళం వేసి ఉంచి, చివరికి ఆ పెద్ద ఇనుప కప్పు కింద తవ్వితే మూడు వందల ఏళ్ళనాటి పేట ఒకటి బయటపడింది. గోడల మొదళ్ళు, నూతులు, గుమ్మాల రాళ్ళు, అరిగిన మెట్లు. ఇప్పుడు పైన కప్పు, కింద శిథిలాలు, చుట్టూ రెయిలింగు. వచ్చినవాళ్ళు ఆ రెయిలింగుకి ఆనుకుని కిందికి చూస్తారు. మెదీర్ కిందికి చూసేవాడు కాదు. అతనికి కనిపించేది గాలిలో నిలబడి ఉన్న బజారు.

"అదిగో, కొండవైపు నుంచి నాలుగో స్తంభం. అక్కడే నాన్న తక్కెడ. దాని పక్కన ఉల్లిపాయల బస్తాలు. బళ్ళు వచ్చేదాకా ఆ బస్తాల మీదే పడుకునేవాణ్ణి."

"ప్రతి ఆదివారం పడుకుంటూనే ఉన్నావు. ఇక లేచి పద," అంది అతని భార్య రెమేయ్.

"పోయిన వారం చెప్పింది తక్కెడ సంగతి. బస్తాల సంగతి ఈవేళే."

"బస్తాల సంగతి పెళ్ళికి ముందే చెప్పావు. అందుకే కదా జాలిపడి చేసుకున్నాను."

మెదీర్ నవ్వాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, బస్తాలు సరిగ్గా ఎక్కడ ఉండేవో చూపించడానికి రెయిలింగు మీంచి ముందుకు వంగాడు. కళ్ళజోడు జారింది. కింద చిన్న చప్పుడైంది. స్తంభం మొదట్లో ఒక నూతి గట్టు పక్కన, ఎవరిదో గది నేల మీద, రెండు అద్దాలూ పైకి చూస్తూ ఆగాయి.

"ఎవరింట్లోనో పడింది," అన్నాడు మెదీర్.

"పడుంటుందిలే. తలుపులు లేని ఇల్లు, ఎవరూ ఎత్తుకుపోరు."

అది మందుల షాపులో కొన్న గోధుమరంగు కళ్ళజోడు. పేటలో సగంమంది ముసలివాళ్ళ ముక్కుల మీద అదే ఉంటుంది. అయినా అడుగుదామని కాపలా మనిషి దగ్గరికి వెళ్ళారు. కిందికి దిగడానికి తమకు అనుమతి లేదనీ, మర్నాడు సెలవనీ, మంగళవారం వచ్చి అడగమనీ అతను చెప్పాడు. మంగళవారం తనే వస్తానని మెదీర్ అన్నాడు. వెర్మూత్ కొట్లో గోడ మీది ధరల పలక అతనికి ఆనలేదు. రెమేయ్ చదివి వినిపించింది.

"గట్టిగా చదవండి టీచరమ్మా. వెనక బెంచీవాళ్ళకి వినపడటం లేదు," అన్నాడు.

సోమవారం సాయంత్రం మెదీర్ వంటింట్లో నిలబడి దానిమ్మపండు ఒలుస్తున్నాడు. పక్క గదిలో రెమేయ్ పిల్లల పుస్తకాలు దిద్దుతోంది. గిన్నెలో గింజలు రాలుతున్న చప్పుడు ఆగిపోయిందని ఆమె కాసేపటికి గాని గమనించలేదు.

*

సముద్రం పక్కనున్న పోబ్లెనౌ శ్మశానంలో చనిపోయినవాళ్ళను గోడల్లో పెడతారు. గోడ నిండా గూళ్ళు, ఒకదాని మీద ఒకటి. గూటి ముందు పేర్లు చెక్కిన పలక, ఆ పలక ముందు అద్దం తలుపు. పలకకీ అద్దానికీ మధ్య జానెడు చోటు ఉంటుంది. పుజాల్ట్‌ల గూటిలో ఆ జానెడు చోటంతా మెదీర్ అక్క ఎంగ్రాసియా అధీనంలో ఉండేది. వాళ్ళ నాన్న చెవి మీద పెట్టుకునే పెన్సిలు ముక్క అక్కడుంది. అమ్మ దువ్వెన ఉంది. వాళ్ళింట్లో ఎవరు పోయినా, వాళ్ళు రోజూ చేత్తో పట్టుకున్న వస్తువొకటి ఆ అద్దం వెనక్కి చేరాలి.

అంత్యక్రియల రోజున తమ్ముణ్ణి లోపల పెట్టి సిమెంటు పూస్తుండగానే ఎంగ్రాసియా అడిగింది.

"వాడి కళ్ళజోడేది?"

"బజారులో పడిపోయింది వదినా."

"ఏ బజారులో?"

"పాత బజారులో. కింద, ఆ ఇళ్ళల్లో."

ఎంగ్రాసియా చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి మరదల్ని చూసింది. ఆమెకు డెబ్భై దాటాయి. పెళ్ళయ్యేదాకా తండ్రి కొట్లో ఉల్లిపాయలు అమ్మిన గొంతు అది. ఎంత మెల్లగా మాట్లాడినా నాలుగు వరసల అవతలికి వినిపిస్తుంది.

"ముసలాడయ్యాక కూడా బజారులో వస్తువులు పారేసుకోవడం మానలేదన్నమాట. చిన్నప్పుడు టోపీలు. టోపీకొక దెబ్బ చొప్పున నాన్న చేతిలో తినేవాడు." చేతికర్ర నేలకు తట్టింది. "సకల పునీతుల పండక్కి అందరూ ఇక్కడికి పూలు పట్టుకుని వస్తారు. కళ్ళజోడు లేకపోతే ఎవరొచ్చారో వాడికేం తెలుస్తుంది?"

"అది చదువుకునే కళ్ళజోడు వదినా. దూరం చూడ్డానికి కాదు."

"మరీ మంచిది. ఎదురుగా ఉన్న పలక మీద వాడి పేరన్నా వాడు చదువుకుంటాడు. పండగలోపు పట్టుకురా అమ్మాయ్. అంతవరకు ఈ అద్దం తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

ఇంట్లో మెదీర్ వస్తువులు చాలా ఉన్నాయి. గడియారం ఉంది, గడ్డం గీసుకునే బ్రష్షు ఉంది. వాటిలో ఒకటి ఇచ్చి సరిపెట్టవచ్చని రెమేయ్‌కి తోచకపోలేదు. కాని మంగళవారం వెళ్ళి కళ్ళజోడు తెస్తానని అతను అన్నాడు. అతను చేస్తానని చేయకుండా వదిలిన పని, ఆమెకు తెలిసినంతవరకు, అదొక్కటే.

*

ఆమె మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. బడి వదిలాక బజారు వైపు వెళ్ళేది. ఆ వేళకు వెలుతురు తగ్గిపోయేది. రెయిలింగు దగ్గర నిలబడితే కింద గోడలన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోయి కనిపించేవి. స్తంభాల మొదళ్ళు నీడలో ఉండేవి. అద్దాల తళుకు ఎక్కడా కనబడలేదు.

అక్కడ శిథిలాలను శుభ్రం చేసి కాపాడే వాళ్ళల్లో ఓలగేర్ అనే అతను ఆమె దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు నెత్తి మీద జుట్టు పలచబడింది. ఆమె ఫోను చేస్తే గొంతు గుర్తుపట్టాడు.

"టీచర్! నా చేతిరాత ఇప్పటికీ అలాగే ఉంది. ముందే చెప్పేస్తున్నాను."

మెదీర్ పోయిన సంగతి అతనికి తెలియదు. చెప్పింది. తర్వాత కళ్ళజోడు సంగతి చెప్పింది.

"ఎక్కడ పడిందో గుర్తుందా టీచర్?"

"నాలుగో స్తంభం దగ్గర. మా మామగారి కొట్టు ఉండేది అక్కడే. కింద నూతి గట్టు పక్కన పడింది."

"పద్ధతి ప్రకారమైతే దరఖాస్తు పెట్టాలి, వాళ్ళు చూడాలి, మీ పండగ వెళ్ళిపోతుంది. సోమవారం సెలవు, జనం ఉండరు. పక్క గుమ్మం దగ్గరికి వచ్చేయండి. ఎవరికీ చెప్పకండి, అంతే."

సోమవారం బడికి సెలవు పెట్టి వెళ్ళింది. ఓలగేర్ ఇనుప మెట్ల మీదుగా ఆమెను కిందికి దింపాడు. అన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ అక్కడికి దిగలేదు. తన తరగతి పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి వాళ్ళకు పైనుంచే చూపించేది. మెదీర్‌ని ఎన్నిసార్లు పిలిచినా దిగేవాడు కాదు. కింద ఉన్నవి పరాయివాళ్ళ ఇళ్ళనీ, తన చోటు పైనేననీ అనేవాడు.

కింద చల్లగా ఉంది. సున్నం వాసన. పైనుంచి అరచేతిలో ఇమిడేట్టు కనిపించే వీధి, దిగాక నిజంగా వీధే అయింది. మధ్యలో మురుగుకాలువ, రెండు వైపులా ఛాతీ ఎత్తు గోడలు. ఇనుప స్తంభాల పునాదులు ఇళ్ళ నడుమ నుంచి, కొన్నిచోట్ల గదుల నడుమ నుంచి దిగి ఉన్నాయి. ఓలగేర్ ముందు నడుస్తూ, అలవాటు కొద్దీ ఇరుగుపొరుగు గురించి చెప్పినట్టు చెబుతున్నాడు.

"ఇది తోలు పనివాడి ఇల్లు. ఇది చేపలమ్మే ఆవిడది, మొగుడు పోయాక కొట్టు ఈమే నడిపింది. ఇక్కడ పేకాట ఆడేవాళ్ళు. మూడు వందల ఏళ్ళ కింద ఊరు యుద్ధంలో ఓడిపోయాక, గెలిచినవాళ్ళు కోట కట్టాలి, ఖాళీ చేయండి అన్నారు. ఎవరి ఇల్లు వాళ్ళే కూల్చుకోవాలి. దూలాలు, తలుపులు మోసుకుని పోయారు. మోయలేనివన్నీ ఇవిగో, మిగిలాయి." ఏం మాట్లాడుతున్నాడో గుర్తొచ్చినట్టు ఆగాడు. "క్షమించండి టీచర్."

"బాగా చెప్పావు. ఆగకు," అంది రెమేయ్.

అతను వేలెత్తి స్తంభాలు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ నాలుగోదాని దగ్గర ఒక గది ఉంది. గదిలో ఒక మూల నూతి గట్టు ఉంది. ఆమె తలెత్తి రెయిలింగు వైపు చూసింది. పైనుంచి అంతగా తెలిసిన చోటు కిందినుంచి ఎటూ పోల్చుకోలేకపోయింది. తాము నిలబడేది ఇటా, అటా? అయినా స్తంభం ఉంది, నూయి ఉంది.

ఓలగేర్ చెప్పులు విప్పి, తాడు దాటి, గోడ పట్టుకోకుండా జాగ్రత్తగా లోపలికి అడుగేశాడు. నూతి చుట్టూ చూశాడు. నూతి పక్కనున్న చిన్న కాలువలోకి వంగి, మెత్తటి కుంచెతో దుమ్ము తోశాడు.

"దొరికింది!"

గోధుమరంగు కళ్ళజోడు. ఒక కాడ విరిగిపోయింది. అద్దాల మీద దుమ్ము మందంగా పేరుకుంది.

"ఇంత దుమ్మా?" అంది రెమేయ్.

"ఇక్కడ అలాగే పడుతుంది టీచర్. పైన పావురాలు. నిరుడు ఇక్కడ ఏమేం దొరికాయో తెలుసా? పాలపీకలు, ఒక చెప్పు, ఎవరివో కట్టుడుపళ్ళు. పళ్ళ కోసం ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. ఆ మనిషి అన్నం ఎలా తింటున్నాడో!"

ఆమె దాన్ని తన ఉన్ని కోటు అంచుతో కొంచెం తుడిచి కళ్ళకు పెట్టుకుంది. గోడలు మసకబారాయి. మెదీర్ కళ్ళజోడు ఎప్పుడైనా సరదాకి పెట్టుకుంటే ఆమెకు అన్నీ ఇలాగే మసకగా కనిపించేవి.

"ఇదే," అంది.

కాసేపు ఒంటరిగా ఉండనిస్తావా అని అడిగితే, ఓలగేర్ వీధి చివరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. దేన్నీ ముట్టుకోవద్దని ఏడాదికోసారి పిల్లలకు చెప్పే రెమేయ్, తాడు మీంచి చెయ్యి చాపి ఆ గది గోడ మీద అరచెయ్యి ఆనించింది. రాయి చల్లగా ఉంది. దీనికి సరిగ్గా పైన, గాలిలో, ఉల్లిపాయల బస్తాల మీద ఒక పిల్లవాడు నిద్రపోయేవాడు.

"దానిమ్మ గింజల గిన్నె ఫ్రిజ్‌లోనే ఉంది. నేను తినలేదు," అని ఆమె మెల్లగా అంది. "బాయిలర్ వాడికి ఫోను చేశాను. రేపు వస్తాడట." మెదీర్ పోయాక ఆమె అతనితో మాట్లాడింది అక్కడే, ఆ గోడ దగ్గరే.

ఇంటికి వెళ్ళి కళ్ళజోడు కుళాయి కింద శుభ్రంగా కడిగి, తెల్లగుడ్డ మీద ఆరబెట్టింది.

*

పండగనాడు శ్మశానం నిండా చేమంతులు, నిచ్చెనలు. పై వరస గూళ్ళకు పూలు పెట్టడానికి జనం నిచ్చెనల కోసం తగువులాడుకుంటున్నారు. పుజాల్ట్‌ల గూడు కింది నుంచి రెండో వరసలో ఉండటం తమ తండ్రి ముందుచూపని ఎంగ్రాసియా ఎదురుపడిన ప్రతివాళ్ళకీ చెప్పింది.

రెమేయ్ గుడ్డ విప్పి కళ్ళజోడు ఆమె చేతిలో పెట్టింది. ఎంగ్రాసియా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. విరిగిన కాడ మొదట్లో బొటనవేలితో రాసింది.

"విరగ్గొట్టాడు కూడానా!"

"అంత ఎత్తు నుంచి పడింది కదా వదినా."

"వాడూ అంతే. ఎక్కడ పడ్డా మోకాలో మోచెయ్యో విరగ్గొట్టుకుని గాని వచ్చేవాడు కాదు." ఆమె గొంతు తగ్గింది. ఆ గొంతు అంత తగ్గడం రెమేయ్ ఎప్పుడూ వినలేదు. "అమ్మ కొట్లో ఉంటే వాణ్ణి ఎత్తుకు తిరిగింది నేనే. నడుం మీద వాడు, నెత్తి మీద బుట్ట."

కళ్ళజోడు పెదవులకు ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది. పక్క గూటి దగ్గరికి వచ్చినవాళ్ళు పూలు సర్దడం ఆపి చూశారు. తర్వాత దాన్ని పెన్సిలుకీ దువ్వెనకీ మధ్య, అద్దాలు పలక వైపు ఉండేట్టు నిలబెట్టింది. అద్దం తలుపు వేసి తాళం తిప్పి, తాళంచెవి తీసి రెమేయ్ చేతిలో పెట్టింది.

"ఇక నీ దగ్గరే ఉంచు. నా మోకాళ్ళు మళ్ళీ ఏడాదికి నన్నిక్కడికి తీసుకురావు. తెచ్చినా లోపలికే తెస్తాయి."

"అలాంటి మాటలెందుకు వదినా?"

"అయితే ఎలాంటి మాటలు కావాలి? పద, ఇంట్లో పండగ చెస్ట్‌నట్లు చల్లారిపోతాయి. ఈసారి బాదం ముద్దలు నువ్వు చేయలేదు కదా? బతికాం."

ఆ సాయంత్రం ఇద్దరూ ఎంగ్రాసియా ఇంట్లో కూర్చుని కాల్చిన చెస్ట్‌నట్లూ చిలగడదుంపలూ తిన్నారు. కొన్ని చెస్ట్‌నట్లు ఒలిచి పళ్ళెంలో ఒక పక్కకి పెట్టింది ఎంగ్రాసియా. ఎవరికోసమని రెమేయ్ అడగలేదు. ఇంటికి వచ్చాక, చాలా రోజుల తర్వాత, ఆమె నిద్రపోయింది.

*

తర్వాతి ఆదివారం రెమేయ్ వెర్మూత్ వేళకు బజారుకి వెళ్ళింది. ప్రత్యేకంగా ఏమీ అనుకోలేదు. కాళ్ళు అటు వెళ్ళాయి. రెయిలింగు దగ్గర తాము ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. గోడలకు బిగించిన చెక్క పలకల సందుల్లోంచి ఎండ పడుతోంది.

కింద, స్తంభం మొదట్లో, నూతి గట్టు పక్కన రెండు అద్దాలు మెరుస్తున్నాయి.

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. మెరుస్తూనే ఉన్నాయి. రెండు కాడలూ సరిగ్గానే ఉన్నాయి. గోధుమరంగు. అద్దాలు పైకి చూస్తున్నాయి, పడినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే.

రెమేయ్ స్తంభాలు లెక్కపెట్టింది. కొండవైపు నుంచి నాలుగోది. తర్వాత సముద్రం వైపు నుంచి లెక్కపెట్టింది. అటునుంచి నాలుగోది చాలా దూరంగా, హాలు అవతలి సగంలో ఉంది. ఆమె గోడ మీద చెయ్యి ఆనించి మాట్లాడింది అక్కడ. అక్కడా ఒక నూయి ఉంది. ఇప్పుడు చూస్తుంటే చాలా ఇళ్ళల్లో నూతులున్నాయి.

బజారువాళ్ళు ఏది లెక్కపెట్టినా కొండవైపు నుంచే. కూరగాయల బళ్ళు అటునుంచే లోపలికి వచ్చేవి. ఇప్పుడు సందర్శకుల గుమ్మం సముద్రం వైపు ఉంది, అందుకని కింద పనిచేసేవాళ్ళ లెక్క అటునుంచి. ఓలగేర్‌తో ఆమె నాలుగో స్తంభం అంది. ఎటునుంచో చెప్పలేదు. అతను అడగనూ లేదు. పుజాల్ట్‌ల ఇంట్లో ఎవరూ ఎటునుంచో అడగరు. ఒక్క మెదీరే, వినేవాళ్ళు కొత్తవాళ్ళయినా పాతవాళ్ళయినా, ప్రతిసారీ కొండవైపు నుంచి అని విడమరిచి చెప్పేవాడు.

"టీచర్!"

ఓలగేర్ వస్తున్నాడు, చేతిలో కుంచెల డబ్బా. రెమేయ్ రెయిలింగుకి వీపు ఆనించి అతనివైపు తిరిగింది.

"మీ వదినగారు ఏమన్నారు?"

"ముద్దు పెట్టుకుంది."

"హమ్మయ్య." అతని ముఖం వెలిగింది. "నిజం చెప్పాలంటే టీచర్, ఆ రోజు తర్వాత నాకు నిద్ర పట్టలేదు. తాడు దాటి లోపలికి వెళ్ళానని తెలిస్తే నా పని అయిపోతుంది. మళ్ళీ ఎవరైనా అడిగితే మాత్రం చచ్చినా దిగను. మీరు కాబట్టి."

"నాకు తెలుసు ఓలగేర్," అంది ఆమె. చెబుదామని నోటిదాకా వచ్చింది. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "చాలా సాయం చేశావు," అంది.

అతను వెళ్ళాక చాలాసేపు కిందికి చూస్తూ నిలబడింది. అద్దం తలుపు వెనక ఉన్నది ఎవరిది? ఈ పేటలోనే ఎవరో ముసలాయన, ఇంట్లో సొరుగులన్నీ వెతుక్కుని, విసుక్కుని, మందుల షాపుకి వెళ్ళి మరొకటి కొనుక్కుని ఉంటాడు. ఎంగ్రాసియా పెదవులకు ఆనించుకున్నది అతని కళ్ళజోడు.

ఆ శీతాకాలం ఎంగ్రాసియా మంచం దిగలేదు. రెమేయ్ బడి నుంచి వచ్చి ఫోను చేస్తే, ముందు ఒంట్లో నొప్పులన్నీ వరసగా చెప్పేది. తర్వాత ఒక మాట అనేది.

"ఒక్క సంగతిలో నాకు నిశ్చింత అమ్మాయ్. వాడికి వాడి వస్తువు చేరింది."

"అవును వదినా," అనేది రెమేయ్.

మెదీర్ కళ్ళజోడు ఇంకా కిందే ఉంది. ఆమె గూటి తాళం తీయలేదు. ఓలగేర్‌కి గాని, ఎంగ్రాసియాకి గాని చెప్పలేదు.